గంటల లెక్క వేరు, ఏళ్ల లెక్క వేరు: మెదడు జబ్బుల్లో నర్సింగ్

నర్సింగ్ పుస్తకాల్లో మెదడు గడ్డలనూ (ట్యూమర్లు), పార్కిన్సన్స్ లాంటి నరాల క్షీణత జబ్బులనూ చాలాసార్లు ఒకే పాఠంలో చెబుతారు. మంచంలో పక్కకు తిప్పడం, ముక్కు గొట్టంలో ఆహారం పోయడం, మూత్రం సంచి చూసుకోవడం, పడిపోకుండా పట్టుకోవడం... చేసే పని దాదాపు ఒకటే కదా అని అలా పెట్టి ఉంటారు. న్యూరో వార్డులో పనిచేశాక నాకు మాత్రం వీటిని విడదీసి నేర్పితేనే మంచిదనిపించింది. గడ్డ ఉన్న మనిషి దగ్గర నర్సు కనిపెట్టాల్సింది గంట గంటకూ వచ్చే మార్పును. పొద్దున నవ్వుతూ మాట్లాడిన మనిషి సాయంత్రానికి వెంటిలేటర్ మీద ఉండొచ్చు. పార్కిన్సన్స్, కండరాలు క్రమంగా చచ్చుబడే ఏఎల్‌ఎస్ లాంటి వాటిలో మార్పు నెలల మీద, ఏళ్ల మీద వస్తుంది. అక్కడ రాబోయేదాన్ని ముందే ఊహించి ఇంటిని సిద్ధం చేయడమే పని. ఈ తేడా తెలియని ఇంట్లో పరుగెత్తాల్సిన రోజున తాపీగా ఉంటారు, తాపీగా ఉండాల్సిన చోట పరుగెత్తుతారు.

మన వైపు ఇది ఇంకాస్త ముఖ్యం. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చే పేషెంట్లు ముందు వరంగల్ ఎంజీఎంకో, హన్మకొండలో ఏదో ప్రైవేటు ఆస్పత్రికో వస్తారు. తలలో గడ్డ అని తేలితే చాలామంది హైదరాబాద్ నిమ్స్ దారి పడతారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షల రూపాయలకు పెంచాక ఆపరేషన్ ఖర్చుకు కొంత ఆసరా దొరికింది. కానీ ఆపరేషన్ అయ్యాక మిగిలిన కాలమంతా ఊళ్లోనే గడవాలి. అక్కడ నర్సు ఎవరంటే కోడలు, కూతురు, భార్య. వాళ్ల చేతికి దొరికేది ఇంగ్లిషులో రాసిన డిస్చార్జి కాగితం, మందుల కవరు. అందుకే వార్డులో మేం చేసే పనిలో ఇంటివాళ్లు తెలుసుకోవాల్సిన భాగం ఎంతో, ఎందుకో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

పుర్రెలో చోటు చాలకపోతే

పెద్దవాళ్ల పుర్రె సాగదు. అందులో సుమారు 80 శాతం మెదడు, మిగిలిన 20 శాతంలో రక్తం, మెదడు చుట్టూ ఉండే నీరు చెరిసగం. ఈ నీరు ఒకేసారి చూస్తే 150 మిల్లీలీటర్లే ఉంటుంది కానీ రోజుకు అర లీటరు దాకా తయారవుతూ, ఇంకుతూ ఉంటుంది. గడ్డ పెరిగితే మొదట ఈ నీరు, రక్తం కాస్త పక్కకు జరిగి చోటిస్తాయి. అందుకే కొన్ని గడ్డలు చాలాకాలం బయటపడవు. ఆ వెసులుబాటు అయిపోయాక మాత్రం గడ్డ కొంచెం పెరిగినా, చుట్టూ వాపు కొంచెం వచ్చినా లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. నిన్న బాగున్న మనిషి ఇవాళ ఎందుకిలా అయ్యాడని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

తలనొప్పి తెల్లవారుజామున ఎక్కువగా ఉండటానికీ కారణముంది. రాత్రంతా పడుకుని ఉంటాం. నిద్రలో ఊపిరి కాస్త మందగించి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కొద్దిగా పెరుగుతుంది, దాంతో మెదడులో రక్తనాళాలు విచ్చుకుంటాయి. ఒత్తిడి ఇంకాస్త పెరుగుతుంది. లేచాక వాంతి అయితే కొంత తేలిక పడుతుంది. దీన్ని పైత్యం అనుకుని నెలల తరబడి గ్యాస్ గోలీలు మింగినవాళ్లను చాలామందిని చూశాం.

వార్డులో తరచూ వినే మాట ఒకటుంది. రాత్రంతా అల్లాడిన మనిషి పక్కన కొడుకు కూర్చుని ఉంటాడు. పొద్దున మేం వెళ్లేసరికి ముఖంలో కాస్త ఊరట. "సిస్టరమ్మా, బాపు ఇప్పుడే మంచిగ పండిండు, గురక గూడ వెడుతుండు. లేపకుండ్రి" అంటాడు. మాకు గుండె జల్లుమనేది అప్పుడే. నిద్రపోయే మనిషి పిలిస్తే లేస్తాడు. ఒత్తిడి పెరిగి మత్తులోకి జారే మనిషి పిలిస్తే కళ్లు సగం తెరిచి మళ్లీ మూస్తాడు, తర్వాత గిల్లితే తప్ప తెరవడు, ఆ తర్వాత గిల్లినా చేయి అడ్డం పెట్టడు. అందుకే పాపం అనిపించినా లేపుతాం. పేరు, ఊరు, ఇది ఏ నెల అని అడుగుతాం. రెండు చేతులతో మా వేళ్లు గట్టిగా పట్టుకోమంటాం. కంట్లో టార్చి వేసి రెండు పాపలూ సమానంగా ముడుచుకుంటున్నాయా అని చూస్తాం.

ఇలా చూసినదానికి మార్కులు వేసే పద్ధతి 1974లో గ్లాస్గోలో ఇద్దరు డాక్టర్లు, టీస్‌డేల్, జెనెట్, రూపొందించింది. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. ఏ స్పందనా లేకపోయినా 3 ఉంటాయి, సున్నా ఉండదు. ఒక్కసారి చూసిన అంకె కంటే ఇంతకుముందుతో పోల్చి చూడటం ముఖ్యం. 13 ఉన్న మనిషి 13లోనే ఉంటే గమనిస్తూ ఉంటాం. 15 నుంచి 13కు పడితే వెంటనే డాక్టర్‌ను పిలుస్తాం. పైబీపీ పెరిగి, నాడి నెమ్మదించి, ఊపిరి గతి తప్పిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఆ మూడూ కలిసి కనిపించేదాకా ఆగకూడదు. ఇంట్లో ఉన్నవాళ్లకు అంకెలు అక్కర్లేదు. పిలిస్తే ఎంతసేపటికి పలికాడు, మాట తేడాగా ఉందా, ఒక చేయి పట్టు తప్పిందా, ఒక కంటి పాప పెద్దదైందా... వీటిలో ఏది మారినా తెల్లారనిద్దాం అనుకోకుండా 108కి ఫోన్ చేయాలి.

మంచం తలవైపు 30 డిగ్రీలు ఎత్తి ఉంచడం తెలిసిన మాటే. ఎక్కువమంది తప్పేది మెడ దగ్గర. రెండు దిండ్లు పెట్టేసరికి గడ్డం ఛాతీకి ఆనుతుంది, లేదా తల ఒక పక్కకు వాలిపోతుంది. అప్పుడు మెడలోంచి కిందికి దిగాల్సిన రక్తం సరిగా దిగక ఒత్తిడి తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. తల, మెడ, ఛాతీ ఒకే వరుసలో ఉండాలి. దిండ్లు పేర్చే బదులు మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెడితే మెడ మడతపడదు. ముక్కి మలవిసర్జన చేసినా ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి మలబద్ధకం మందు ఈ రోగికి చిన్న విషయం కాదు.

ఊళ్లో నీరసంగా కనబడితే చాలు, ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తాడు. మెదడు వాపున్న మనిషికి అది చెరుపు చేస్తుంది. 5 శాతం గ్లూకోజులో చక్కెరను ఒళ్లు వాడేసుకున్నాక మిగిలేది ఉత్త నీరే. ఆ నీరు మెదడు కణాల్లోకి చేరి వాపును పెంచుతుంది. పైగా ఈ రోగులు స్టెరాయిడ్ మీద ఉంటారు కాబట్టి షుగర్ ముందే ఎక్కువగా ఉంటుంది. వార్డులో మేం వాడే మానిటాల్ దీనికి సరిగ్గా తిరుగు పని చేస్తుంది, మెదడులోని నీటిని లాగి మూత్రంలోకి పంపుతుంది. చలికాలంలో ఆ బాటిల్‌లో పలుకులు కడతాయి, అవి కరిగేదాకా వెచ్చబెట్టి గానీ ఎక్కించం.

స్టెరాయిడ్ అంటే డెక్సామెథాసోన్. గడ్డ చుట్టూ వాపును తగ్గించడంలో దీనిది పెద్ద చేయి. రెండు మూడు రోజుల్లోనే తలనొప్పి తగ్గి మనిషి లేచి కూర్చుంటాడు. అసలు గొడవ అక్కడే మొదలవుతుంది. "స్టెరాయిడ్ ఎక్కువ రోజులు మంచిది కాదట" అని ఎవరో చెబుతారు, మనిషి బాగానే ఉన్నాడు కదా అని గోలి ఆపేస్తారు. వాపు తిరిగొస్తుంది. వారాల తరబడి వాడినవాళ్ల ఒంట్లో సొంతంగా తయారవ్వాల్సిన స్టెరాయిడ్ కూడా అప్పటికి పడుకుని ఉంటుంది, దాంతో బీపీ పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. డాక్టర్ చెప్పిన లెక్కలోనే మెల్లగా తగ్గించాలి. ఉదయం, మధ్యాహ్నం తిన్నాక వేసుకుంటే రాత్రి నిద్ర చెడదు. ఇంకో సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. ఈ మందుతో తొడల కండ బలహీనపడుతుంది. కింద కూర్చున్న మనిషి లేవలేడు, మామూలు లెట్రిన్‌లో కూర్చుంటే అంతే సంగతులు. ఇంటివాళ్లు గడ్డ మళ్లీ పెరిగిందని టెన్షన్ పడతారు. ఒక పక్క కాలూచేయీ పడిపోతే గడ్డను అనుమానించాలి. రెండు తొడలూ సమానంగా నీరసిస్తే ముందు మందును అనుమానించాలి. ఏదైనా తేల్చాల్సింది డాక్టరే, కానీ ఆ తేడా గమనించి చెప్పేది పక్కనున్నవాళ్లే.

ఫిట్స్ గురించి ఎంత చెప్పినా తక్కువే. చేతిలో తాళాల గుత్తి పెట్టినందువల్ల ఫిట్స్ ఆగవు. చాలావరకు అవి రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, పేరు మాత్రం ఇనుముకొస్తుంది. నోట్లో చెంచా, గుడ్డ పెట్టొద్దు. పళ్లు విరిగి గొంతులో పడ్డ సందర్భాలున్నాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, గడియారం చూడాలి, వీలైతే ఫోన్లో వీడియో తీయాలి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోసారి వచ్చినా 108. పూర్తిగా మేల్కొనేదాకా గొంతులో చుక్క నీళ్లు కూడా పోయొద్దు. ఫిట్స్‌కు ఎక్కువగా ఇచ్చే లెవెటిరాసెటామ్‌తో కొందరికి విపరీతమైన కోపం వస్తుంది. భార్య మీద ఎన్నడూ గొంతెత్తని మనిషి కంచం విసిరేస్తే ఆ కోపం మందుదైనా కావొచ్చు, నుదుటి వైపున్న గడ్డదైనా కావొచ్చు. దాన్ని దాచకుండా డాక్టర్‌కు చెబితే మందు మార్చే వీలుంది.

ఆపరేషన్ అయ్యాక కళ్ల చుట్టూ వాచి నల్లబడటం రెండు మూడు రోజులు మామూలే, భయపడక్కర్లేదు. ముక్కులోంచి గానీ కుట్ల దగ్గర గానీ తేటనీరు కారితే మాత్రం భయపడాలి. అది జలుబు కాకపోవచ్చు. మెదడు చుట్టూ ఉండే నీరు కారుతోందంటే సూక్ష్మజీవులకు లోపలికి దారి దొరికినట్టే. రేడియేషన్ జరిగే వారాల్లో తల మీద నూనె, పసుపు ఏదీ రాయకూడదు.

గోలికి గడియారం

పార్కిన్సన్స్‌లో మెదడు లోతుల్లో, కదలికలను నడిపించే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు మెల్లగా చచ్చిపోతాయి. వణుకు బయటికి కనిపించేనాటికే వాటిలో పెద్ద భాగం పోయి ఉంటుంది. జేమ్స్ పార్కిన్సన్ దీన్ని 1817లోనే వివరించినా, సరైన మందు లెవోడోపా వాడకంలోకి వచ్చింది 1960ల్లో. మన చేలగట్ల మీద కనిపించే దూలగొండి గింజల్లో కూడా లెవోడోపా ఉంది. అలాగని గింజలు దంచి పొడి తాగిస్తే ఎంత మందు పడిందో ఎవరికీ తెలియదు. గోలీతో పాటు అది కూడా ఇస్తే మోతాదు మించి ఒళ్లు మెలికలు తిరగొచ్చు, పిచ్చి భ్రమలు కలగొచ్చు.

లెవోడోపా ఒంట్లో ఎక్కువసేపు ఉండదు. జబ్బు ముదిరేకొద్దీ గోలి పని మూడు గంటలకో, రెండున్నరకో అయిపోతుంది. అందుకే పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని చెబితే ఈ జబ్బులో చాలదు. 7 గంటలు, 10 గంటలు, ఒంటి గంట అని గడియారం పెట్టి ఇవ్వాలి. అరగంట ఆలస్యమైతే మనిషి కుర్చీలోంచి లేవలేడు, మింగలేడు, గొంతు పెగలదు. మందిచ్చే నర్సు వేరే పేషెంటుతో ఉండి కాస్త ఆలస్యమైనా పర్వాలేదనే మందులు చాలా ఉన్నాయి, ఇది వాటిలో లేదు.

గోలి వేళకు వేసినా పనిచేయలేదంటే తిండి సంగతి చూడాలి. మాంసం, పప్పు, గుడ్డు, పాలలో ఉండే ప్రొటీన్, లెవోడోపా పేగులోంచి లోపలికి పోవడానికి ఒకే దారి కోసం పోటీ పడతాయి. దసరా నాడు మటన్ తిన్న మనిషి సాయంత్రం గడప దాటలేకపోవడానికి కారణం ఇదే. మటన్ మానేయక్కర్లేదు, గోలి తిండికి అరగంట ముందు పడితే చాలు. ఐరన్ గోలీలు కూడా దీనికి అడ్డే, రెండు గంటల ఎడం ఉండాలి. మెల్లగా కరిగే రకం గోలీ అయితే పొడి చేయకూడదు. ముక్కు గొట్టం పెట్టాక చాలా ఇళ్లలో అన్ని గోలీలూ కలిపి దంచుతారు, అక్కడే లెక్క తప్పుతుంది.

ఈ వ్యాసంలో ఒక్క సంగతి గుర్తుంచుకోమంటే ఇదే అంటాను: పార్కిన్సన్స్ మనిషికి వాంతులైతే పెరినార్మ్ ఇంజక్షన్, తల తిరిగితే స్టెమెటిల్ ఇవ్వకూడదు. ఊళ్లో క్లినిక్‌లలో ఈ రెండూ మంచినీళ్లలా వాడతారు. రెండూ మెదడులో డోపమిన్ పనిచేసే చోటును మూసేస్తాయి. ఉన్నదే తక్కువ, దానికీ తలుపు వేస్తే మనిషి కట్టెలా బిగుసుకుపోతాడు. రాత్రి గలాటా చేస్తున్నాడని ఇచ్చే హాలోపెరిడాల్‌ది కూడా అదే కథ. వాంతులకు డొంపెరిడోన్, ఒన్‌డాన్‌సెట్రాన్ ఉన్నాయి, అవసరాన్ని బట్టి డాక్టర్ నిర్ణయిస్తారు. తల తిరుగుడుకు ఏళ్ల తరబడి సిన్నారిజిన్ వాడి, ఆ మందు వల్లే పార్కిన్సన్స్ లక్షణాలు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఇవ్వకూడని ఈ మందుల పేర్లు ఒక కాగితం మీద రాసి ఆధార్ కార్డుతో పాటు జేబులో పెట్టండి. తుంటి విరిగి ఆపరేషన్‌కు చేరితే నోటికి ఏమీ ఇవ్వొద్దని బోర్డు పెడతారు, దాంతో లెవోడోపా కూడా ఆగిపోతుంది. ఉన్నట్టుండి ఆగితే ఒళ్లు బిగుసుకుని తీవ్ర జ్వరం వచ్చి ప్రాణాపాయం కావచ్చు. మత్తు డాక్టర్‌ను అడిగి గుక్కెడు నీళ్లతో ఇవ్వవచ్చా, గొట్టంలో వేయాలా అన్నది ముందురోజే తేల్చుకోవాలి.

గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోవడం ఈ జబ్బులో మామూలు. చేయి పట్టి లాగితే పడతాడు. ఆగనివ్వాలి, నిటారుగా నిలబడనివ్వాలి, "ఎడమ, కుడి" అని లెక్క పెట్టాలి. గడపకు ముందు నేల మీద అడ్డంగా రంగు పట్టీలు అతికిస్తే వాటిని దాటుతున్నట్టు అడుగేయడం కొందరికి తేలికవుతుంది. మంచం మీంచి లేవగానే బీపీ పడిపోతుంది కాబట్టి కాళ్లు కిందికి వేలాడేసి కాసేపు కూర్చుని, ఆ తర్వాతే నిలబడాలి.

గొంతు దగ్గర రెండూ ఒకటే

మింగడం దగ్గరికొస్తే గడ్డకీ, క్షీణతకీ తేడా పోతుంది. తినేటప్పుడు పొలమారితే మన ఇళ్లలో నెత్తి మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నరు" అంటారు. ఈ రోగి రోజూ పొలమారుతున్నాడంటే తిండి ఊపిరితిత్తుల దారి పడుతోందని అర్థం. కొందరికి దగ్గు కూడా రాదు. మింగాక గొంతు గరగరలాడటం, బుగ్గలో అన్నం మిగిలిపోవడం, సాయంత్రం పూట జ్వరం, వీటిని బట్టి పసిగట్టాలి. క్షీణత జబ్బుల్లో చివరికి ప్రాణం తీసేది చాలాసార్లు జబ్బు కాదు, ఇలా వచ్చే నిమోనియా.

గట్టి తిండి కష్టం, పల్చనిది తేలిక అనుకుంటాం. ఇక్కడ అది తిరగబడుతుంది. నీళ్లు, చాయ, పల్చటి సల్ల వేగంగా జారిపోతాయి, గొంతు మూసుకునే లోపే గాలి గొట్టంలో పడతాయి. చిక్కటి జావ, మెత్తగా ఉడికిన గటక, గడ్డ పెరుగు మెల్లగా జారతాయి. నీళ్లన్నం, ముక్కల పులుసు లాంటి రెండు రకాలు కలిసినవి అన్నిటికంటే కష్టం. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న చెంచాతో పెట్టాలి. ఒక బుక్క పూర్తిగా మింగాకే ఇంకోటి. తిన్నాక అరగంట పడుకోనివ్వొద్దు. టీవీ ఆపేయండి, మింగడం మీద ధ్యాస ఉండాలి. నోరు శుభ్రంగా ఉంచితే నిమోనియా తగ్గుతుందన్నది నిజం, పళ్లు తోమడం ఇక్కడ వైద్యంలో భాగమే.

ఏఎల్‌ఎస్‌లో ఈ దశ తొందరగా వస్తుంది. కండరాలను నడిపే నరాలు చచ్చిపోతాయి. చాలామందిలో తెలివి, కంటి చూపు, కంటి కదలిక చివరిదాకా మిగులుతాయి. కడుపులోకి నేరుగా గొట్టం వేయించుకోవాలంటే ఊపిరి బలం సగానికి పడిపోకముందే వేయించుకోవడం మేలు, ఆ తర్వాత అదే చిన్న ప్రొసీజర్ ప్రమాదకరమవుతుంది. ఇలాంటి నిర్ణయాలకే నర్సు ముందుచూపు కావాలి. ఇంకా తింటూనే ఉన్న మనిషితో గొట్టం మాట ఎత్తడం ఎవరికీ ఇష్టముండదు, కానీ అడగాల్సింది అప్పుడే. ఊపిరి ఆడట్లేదని ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి పెట్టడం ఇంకో పొరపాటు. ఇక్కడ లోపం గాలిలో లేదు, ఊపిరి లాగే కండరంలో ఉంది. కార్బన్ డయాక్సైడ్ లోపలే పేరుకుంటుంది, ఉత్త ఆక్సిజన్ దాన్ని ఇంకా పెంచి మనిషిని మత్తులోకి దించగలదు. కావాల్సింది మాస్కు ద్వారా గాలిని తోసే బైప్యాప్ యంత్రం, కరెంటు పోతే నడవడానికి ఇన్వర్టర్.

మాట పోయాక అట్ట మీద రాసిన అక్షరాలే ఆధారం. అక్షరమాల వరుసలు, గుణింతం ఇందుకు బాగా పనికొస్తాయి. "క, చ, ట, త, ప, య" అని మెల్లగా చదువుతూ పోతే కావాల్సిన వర్గం దగ్గర ఆయన కళ్లు పైకెత్తుతాడు. త దగ్గర ఎత్తాడనుకుందాం. "త, థ, ద" అనేసరికి మళ్లీ కళ్లు పైకి. ఇక దీర్ఘమా, గుడా అని అడిగితే దీర్ఘం. "దా" వచ్చేసరికి భార్య "దాహమా?" అంటుంది, కళ్లు పైకి. అట్ట పైభాగంలో రోజూ వచ్చేవి నేరుగా రాసి ఉంచాలి: దురద, పక్క తిప్పు, లాల తుడువు, ఫ్యాన్, కాలు చాపు. కదల్లేని మనిషికి ముక్కు మీద దురద ఎంత నరకమో ఆ అట్ట తయారుచేసేదాకా ఇంట్లో ఎవరికీ తోచదు. చదువు రానివాళ్లకు బొమ్మలు గీయొచ్చు.

వంశపారంపర్యంగా వచ్చే నరాల క్షీణత జబ్బు హంటింగ్టన్స్ అరుదు. ఆగని కదలికల వల్ల ఎంత తిన్నా చిక్కిపోతారు కాబట్టి నూనె, నెయ్యి ధారాళంగా పెట్టాలి. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం, పెళ్లిళ్ల ముందు ఆలోచించుకోవాల్సిన విషయం. అల్జీమర్స్ వేరే వ్యాసమంత ఉంది. ఒక్కటి మాత్రం చెబుతాను. మతిమరుపున్న మనిషి ఒక్క రోజులో మరీ తికమక పడితే జబ్బు ముదిరిందని వదిలేయకుండా మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, కొత్తగా మొదలైన గోలి, ఈ మూడూ చూడండి.

మంచం పట్టిన మనిషికి గాలి పరుపు కొన్నాక రాత్రి తిప్పడం మానేస్తారు. పరుపు సాయమే, రెండు గంటలకోసారి పక్క మార్చడం తప్పదు. దానికి ఇంట్లో ఇద్దరు కావాలి. ఒక్క కోడలి మీదే పగలూ రాత్రీ వేస్తే పుండ్లు పేషెంటుకు పడేలోపే ఆమె నడుం పడిపోతుంది. కొడుకులు రాత్రి వంతు తీసుకోవాలి, ఈ మాట వార్డులో మేం మొహం మీదే చెబుతాం. జబ్బు నయం కాని దశలో నొప్పి, ఆయాసం తగ్గించడానికి జిల్లా ప్రభుత్వ ఆస్పత్రుల్లో పాలియేటివ్ కేర్ గురించి అడగండి. చూసుకునేవాళ్లకే మనసు బాగోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సాయం నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులేమీ అక్కర్లేదు.

చివరగా కాగితాల పని. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, దీర్ఘకాలిక నరాల జబ్బులు కూడా ఉన్నాయి. సంగతి తెలియక చాలామంది వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం శిబిరానికే పోరు. వైకల్యం 40 శాతం ఉందని ధ్రువీకరిస్తే ఆ పత్రంతో పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు, తెలంగాణలో వికలాంగుల పింఛన్‌ను 2023లో 4,016 రూపాయలకు పెంచారు. ఒక చిక్కుంది. గోలి బాగా పనిచేస్తున్న గంటలో డాక్టర్ ముందుకెళితే మనిషి చక్కగా నడుస్తాడు. గోలి అలా చూపించడం కోసం ఆపడం ప్రమాదం, ఆ పని చేయొద్దు. దానికి బదులు మందు పని అయిపోయిన వేళ ఇంట్లో ఎలా ఉంటాడో ఫోన్లో వీడియో తీసి, గోలీల వేళల చీటీతో సహా న్యూరాలజిస్ట్ కాగితాలు పట్టుకుని వెళ్లండి.